మామ భుజం మీద తువ్వాలు

కుప్పం,
12 జూన్ 2005

అక్కకు,

ఈ ఉత్తరం మీ బస్సు కండక్టరు చేతికే ఇస్తున్నాను. ఫోన్ చేస్తే మీ షెడ్డంతా వింటుంది. పోయినసారి నా కడుపునొప్పి తగ్గిందా అని మదనపల్లె టమోటా మార్కెట్లో ఎవరో అడిగారు.

నాకు ప్రమోషన్ వచ్చింది. జీతం పెరగలేదు. ఢిల్లీలోని విమానాల శాఖ కొత్త ఉత్తర్వు పంపింది. విమానం దానంతట అది చెడిపోవడం తగ్గిందట, బాగుచేసే మనిషి చెడగొట్టడం ఎక్కువైందట. అందుకని విమానాలు బాగుచేసే ప్రతి హ్యాంగర్లోనూ మనిషి ఎందుకు తప్పు చేస్తాడో మెకానిక్కులకు పాఠం చెప్పాలి. చేసిన తప్పు ఎవరికి వాళ్లు వచ్చి చెప్పే ఏర్పాటు ఉండాలి. చెప్పినవాణ్ణి శిక్షించకూడదు. ఇవన్నీ లేకపోతే హ్యాంగర్ లైసెన్సు పొడిగించరు. ఈ పని ఎవరికి అప్పజెప్పాలా అని బెంగళూరులో మా హ్యాంగర్లో మీటింగు పెట్టారు. నేను రోజూ కుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి పోయేవాణ్ణి, మీటింగులో కునుకు తీశాను. కళ్లు తెరిచేసరికి అందరూ నా వైపు చూసి చప్పట్లు కొడుతున్నారు.

మనిషి తప్పు చేయడానికి కారణాలు రాసిన పటం ఒకటి గోడకు తగిలించాను. అలసట, తొందర, గర్వం, మరుపు, అడగడానికి మొహమాటం, ఇట్లా ఉంటుంది. మన వరదరాజులు మామ కళ్లజోడు పెట్టుకుని అంతా చదివాడు.

"ఇదంతా మీ అత్త పుంగనూర్లో ముప్పై ఏండ్లుగా చెప్తానే ఉండాది. ఆయమ్మకు యాల జీతమీలేదు మీ శాఖోళ్లు?" అన్నాడు.

హ్యాంగరంతా నవ్వింది. మామ ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు చేసి వచ్చినవాడు, అక్కడ సగంమందికి పానా పట్టుకోవడం నేర్పినవాడు. ఆయన నవ్వితే అందరూ నవ్వాలి. నన్ను చేయి పట్టుకుని ఆ గేటులోకి తీసుకుపోయిందీ, తర్వాత కూతుర్ని ఇచ్చిందీ ఆయనే కనుక నేనూ నవ్వాను.

తప్పులు రాసి వేయమని డబ్బా కూడా పెట్టాను. మొదటి నెల తెరిస్తే ఒక బస్సు టికెట్టు, సగం కాల్చిన బీడీ, క్యాంటీన్ సాంబారు మీద ఫిర్యాదు ఉన్నాయి. తప్పు చేసినవాడు ఒక్కడూ లేడు. సెప్టెంబరులో రాజగోపాల్ అనే ఇన్‌స్పెక్టరు వస్తాడు. పాఠంలో చెప్పడానికి నాకు తప్పులు కావాలి. మీ షెడ్డులో వాటికి కరువు లేదు గదా, నాలుగు రాసి పంపు.

సుదర్శన్


మదనపల్లె,
20 జూన్ 2005

తమ్ముడికి,

మా షెడ్డులో తప్పులు కావాలంటే లారీ పంపాలి, ఉత్తరం చాలదు. ఉన్నవి రెండు బస్సులే అయినా మావాళ్లు పది బస్సుల తప్పులు చేస్తారు.

మీ బావ ఒకరోజు రేడియేటరు మూత తీసి జేబులో వేసుకుని పెళ్లికి పోయాడు. బండి కలకడ దగ్గర ఉడికి ఆగిపోయింది. మూత మాత్రం పెళ్లిలో భోంచేసి సాయంత్రానికి ఇల్లు చేరింది. మెకానిక్కు మునెయ్య జాకీ రాడ్డును ఛాసిస్ మీద మరిచిపోతే, అది పుంగనూరు పోయి క్షేమంగా తిరిగొచ్చింది, టికెట్టు లేకుండా.

మూడోది నవ్వులాటది కాదు. మునెయ్య ఎడమ చక్రం నట్లు బిగిస్తుంటే ఎవడో వచ్చి టమోటా ధర లేచిందని చెప్పాడు. మునెయ్యకు తోట ఉంది. సగంలో లేచి పోయాడు. తిరిగొచ్చి, ఎడమది అయిపోయిందనుకుని కుడివైపు మొదలుపెట్టాడు. తంబళ్లపల్లె రోడ్డులో చక్రం ఊగుతుంటే డ్రైవరు నారాయణప్ప ఆపాడు కాబట్టి సరిపోయింది.

ఆరోజు నుంచి నేనొక కట్టడి పెట్టాను. చక్రం మీద చేయి పెట్టేముందు ఎవడి తువ్వాలు వాడు దానికి కట్టాలి. పని పూర్తయ్యాకే విప్పి భుజాన వేసుకోవాలి. టీకి పోయినా, టమోటాలకు పోయినా ఒట్టి భుజాలతో పోవాలి. ఒట్టి భుజాలతో వీధిలో నడిచే మగవాడికి ఏదో మరిచిపోయానని తోస్తుంది. ఇప్పటిదాకా పని చేసింది.

పనిచేయని కట్టడి కూడా ఒకటుంది. మీ బావ బిగించిన నట్లను మునెయ్య తిరిగి చూడాలన్నాను. వాడు బండి చుట్టూ చేతులు కట్టుకుని ఒక ప్రదక్షిణం చేసి, "అయ్యోరు బిగిస్తే తిరుగుంటాదా అమ్మా" అని వచ్చేశాడు.

నీకో ప్రశ్న. అక్కడ మామ చేసిన పనిని తిరిగి చూసేదెవరు? నువ్వేనా? చూస్తావా, చుట్టూ తిరుగుతావా?

శాంతకుమారి


కుప్పం,
17 జులై 2005

అక్కకు,

నీ తువ్వాలు ఇప్పుడు విమానాల దాకా వచ్చింది. ఇది విదేశాల్లో ఒక పెద్ద హ్యాంగరు పద్ధతి అని క్లాసులో చెప్పాను. మదనపల్లె షెడ్డుది అంటే ఎవరూ రాసుకోరు. కంపెనీ ఎర్రగుడ్డలు కుట్టించి మనిషికొకటి ఇచ్చింది.

మామ తీసుకోలేదు. "కంపెనీ గుడ్డ మరిచిపోతే ఎవనికి నొప్పి? నా తువ్వాలైతే రైలెక్కేటప్పుడన్నా గుర్తొస్తాది" అని పుంగనూరు సంతలో కొన్న తన సొంత తువ్వాలే తెచ్చాడు. ఇప్పుడు హ్యాంగర్లో సగంమంది సొంత తువ్వాళ్లు తెస్తున్నారు. మేనేజరు వచ్చి ఇది హ్యాంగరా, క్షౌరశాలా అని అడిగాడు.

రేడియేటరు మూత కథ బాగా నడిచింది. పేర్లు మార్చాను, బావకు చెప్పకు.

మామ సంగతి అడిగావు. కాగితం మీద, తిరిగి చూసినవాడు పెట్టే రెండో సంతకం నాదే. మామ పని మామ పనే, అందులో చెప్పడానికేముంది. వచ్చే ఏడాది ఆయన రిటైరవుతాడు. నీ మరదలు రమ్యశ్రీ బడిలో ఉద్యోగానికి పోతూ నిన్ను అడిగినట్లు రాయమంది.

సుదర్శన్


పుంగనూరు,
28 ఆగస్టు 2005

తమ్ముడికి,

అత్తను చూసి పోదామని పుంగనూరు వచ్చాను. మామ కూడా సెలవులో ఇక్కడే ఉన్నాడు. ఆయన పక్కన కూర్చునే రాస్తున్నాను. ఎవరికని అడిగితే లైఫ్ ఇన్సూరెన్సు వాళ్లకని చెప్పాను.

నేను చూసింది చెబుతాను. నేల మీద ఆకు వేసుకుని తినే మనిషి కుర్చీలో కూర్చుని తిన్నాడు. చెప్పులు కాలితో వెతుక్కుని తొడుక్కుంటాడు, వంగడు. చేతిలోంచి తాళం జారిపడితే, ఎవరూ చూడటం లేదనుకుని దాన్ని కాలితో గోడ దాకా తోసి, అక్కడ మంచం పట్టుకుని తీసుకున్నాడు.

రాజేశ్వరమ్మ అత్తను వంటింట్లో అడిగాను.

"ఉగాది కాడ్నించి కుడి మోకాలు వంగదు. డాక్టరు దగ్గరికి పోదామంటే పోడు. ఎవురికన్నా చెప్తే నన్ను ఇంట్లోకి రానీడంట. ఇల్లు నాది, నన్నెట్ల రానీడో సూస్తా" అంది అత్త.

సుదర్శనా, విమానం ఇంజను నేలకు మోకాలెత్తు మాత్రమే ఉంటుందని, దాని మూతకు గడియలన్నీ అడుగున ఉంటాయని నువ్వే ఒకసారి పిల్లలకు బొమ్మ గీసి చెప్పావు. వంగని మనిషి వాటిని ఎట్లా చూస్తున్నాడు? నువ్వు చూస్తున్నావా?

శాంతకుమారి


కుప్పం,
4 సెప్టెంబరు 2005

అక్కకు,

పేపర్లో చిన్నగా పడిందేమో, నువ్వు చూసి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు, ముందు అది తెలుసుకో. చెన్నైకి పోయే మా విమానం బెంగళూరులో లేచిన కాసేపటికి ఒక ఇంజను మీది మూత ఊడిపోయింది. పైలట్ వెనక్కి తిప్పి మంచిగా దించాడు. మూత మన గుడుపల్లె దగ్గర పడింది.

ఇంటికి దగ్గరని దాన్ని తెచ్చే పని నాకే ఇచ్చారు. ట్రాక్టరు మాట్లాడుకుని పోయాను. చెంగల్రాయుడు అనే రైతు పొలం. మూత సగానికి విరిగి ఉంది. పెద్ద ముక్కను అప్పటికే బోరు స్టార్టరు డబ్బా మీద కప్పి, గాలికి పోకుండా రాళ్లు పెట్టాడు.

"ఇది కంపెనీదప్పా, ఇచ్చెయ్యాల" అన్నాను.

"మేమేమన్నా మీ ఇంటికొచ్చి ఎత్తుకొచ్చినామా? మీరే ఏసినారు గదా పైనించి" అన్నాడు.

"పడిపోయిందప్పా, ఎవురూ ఏయలేదు."

"పడిపోయేట్ల యాల పెట్టినారు మరి?"

ఈ ప్రశ్నకు మా పటంలో జవాబు లేదు. చివరికి ఆయన భార్య వెంకటరత్నమ్మ కలగజేసుకుంది. "ఇచ్చెయ్యి, పోనీ. ఈసారి ఏసేటప్పుడు రెండేయమను, ఆ పక్క స్టార్టరుకు గూడా మూత లేదు" అంది. మూత పడిన చోట చెనిక్కాయ పొట్టు కుప్పగా ఉంది. పొద్దుటినుంచీ తాను అక్కడే కూర్చుని కాయలు ఒలుస్తుండిందట. దాహమై లేచి పోయిందట. నవ్వుతూనే చెప్పింది. నాకు మజ్జిగ కూడా ఇచ్చింది.

ఇంక విషయం చెప్పాలంటే, నాగరాజు అని కాంట్రాక్టు మెకానిక్కు ఒకడున్నాడు. ఆ మూత తెరిచి ఆయిలు పోసింది అతనే. తప్పు అతని దగ్గరే జరిగిందని మేనేజరు తేల్చాడు. అతన్ని తీసేస్తే ఇన్‌స్పెక్టరు కూడా ఒప్పుకుంటాడని అంటున్నారు. పన్నెండో తేదీన క్లాసులో, ఇన్‌స్పెక్టరు ముందర, ఈ సంగతి నేనే వివరించాలి. పాపం అనిపిస్తుంది. ఏం చేస్తాం.

సుదర్శన్


మదనపల్లె,
8 సెప్టెంబరు 2005

తమ్ముడికి,

నీ ఉత్తరంలో రైతు ఉన్నాడు, రైతు భార్య ఉంది, మజ్జిగ కూడా ఉంది. సంతకాలు మాత్రం లేవు.

నాగరాజు మూత తెరిచాడు, ఆయిలు పోశాడు. మూసిందెవరో రాయలేదు. మూసిన తర్వాత కింద దూరి చూడాల్సిందెవరో కూడా రాయలేదు. జులైలో మాత్రం రెండో సంతకం నాదే అని గొప్పగా రాశావు. ఇంత చిన్న ఉత్తరంలో ఇన్ని మరిచిపోతే నీ పటానికి ఇంకో కారణం చేర్చుకోవచ్చు.

పుంగనూరు నుంచి నేను రాసింది చేరలేదని మాత్రం చెప్పకు. చేతికిచ్చానని, నువ్వు టీ కూడా తాగించావని కండక్టరు చెప్పాడు.

నేనేమీ ధర్మదేవతను కాదు. మామ మీద మాట పడకుండా రిటైరైతే బాగుండునని నాకూ ఉంది. మన అమ్మ పోయినప్పుడు మనిద్దరికీ అన్నం పెట్టిన ఇల్లది. నిన్న అత్త ఫోన్ చేసి, నువ్వు చెప్తే వాడు వింటాడు, మీ మామ పేరు బయటికి రానీయొద్దని చెప్పు అంది. చెబుతానన్నాను. ఇదిగో చెప్పాను.

ఇప్పుడు నా మాట. నాగరాజు చేసిన తప్పేమిటో ఒక్క వాక్యం రాసి పంపు. రాయగలిగితే నేను నోరు మూసుకుంటాను. నీ క్లాసులో కూడా ఆ వాక్యమే చదువుకో.

శాంతకుమారి


కుప్పం,
15 సెప్టెంబరు 2005

అక్కకు,

నువ్వడిగిన వాక్యం రాలేదు. రైల్లో రెండు రోజులు ప్రయత్నం చేశాను.

జరిగింది జరిగినట్లు చెబుతాను. ఆరోజు నాగరాజు ఆయిలు పోసి పక్క విమానం దగ్గరికి పోయాడు. మూత మూసింది మామ. నేను పోయేసరికి ఆయన ఇంజను పక్కన నిలబడి ఉన్నాడు, తువ్వాలు భుజం మీద ఉంది. అంటే పని అయిపోయిందని లెక్క. నువ్వు నేర్పిన లెక్కే. నేను నేల మీద పడుకుని అడుగున గడియలు చూడాలి. చొక్కా జేబులో నీ పుంగనూరు ఉత్తరం ఉంది, రైల్లో చదివి నవ్వుకున్నాను కూడా. అయినా ఆయన ఎదుట ఆయన మూసిన మూత కిందికి దూరడానికి నాకు ఒళ్లు వంగలేదు. సంతకం పెట్టాను. చుట్టూ కూడా తిరగలేదక్కా. మునెయ్య నయం.

పన్నెండున క్లాసులో రాజగోపాల్ ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన మేనేజరు, వెనక గోడకు ఆనుకుని నాగరాజు. మామ పేరు రాకుండా నా పేరుతో సరిపెడదామని అనుకుని లేచాను. "రెండో సంతకం నాది. నేను చూడలేదు. తప్పు నాది" అన్నాను.

మామ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "నువ్వు సూడనిది తర్వాత. మూయనోడు ముందుండాడు గదరా. నా తప్పు నీకు యాల ఇయ్యాల నేను?"

"వరదరాజులు గారూ, అది తర్వాత మాట్లాడదాం" అన్నాడు మేనేజరు.

"తర్వాతంటే నేను రిటైరవతా నాయనా" అని మామ కుర్చీ పట్టుకుని మోకాలు వంచి చూపించాడు. సగానికి కూడా రాలేదు. "సూడండి సారూ, ఇంతే. ఇంగ రవ్వంత వంగితే నలుగురొచ్చి లేపాల. గడియలు నాలుగు. చేత్తో తడుముకుంటా ఏసినా. మూడు తగిల్నాయి. నాలుగోది చేతికి అందల్యా. పడిందిలే అనుకున్యా. పడకపోతే మావోడు సూస్తాడులే అనుకున్యా."

తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు యాల సూడల్యారా?"

"తువ్వాలు మీ భుజం మీద ఉండె మామా. అయిపోయిందనుకున్యా."

"తువ్వాలు నాది. కండ్లు నీవి గదరా."

"మీరు మూసినాక నేను కింద దూరి సూస్తే మీకెట్లుంటాది?"

"ఎట్లుంటాదా? తిడతా. తిట్టించుకోని సూడాల."

హ్యాంగర్లో ఎవరూ నవ్వలేదు. రాజగోపాల్ పెన్ను పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ బంధువులా?" అని అడిగాడు. అప్పుడు నవ్వారు. నాగరాజు కూడా.

ఆయన ఇంగ్లీషులో పెద్ద పేరా రాశాడు. దాని సారం, మామ పనికి అల్లుడు రెండో సంతకం పెట్టరాదు అని. తనిఖీ సంతకం కింద నేను వేసే ముద్రను మూడు నెలలు తీసేసుకున్నారు. శిక్ష కాదట, తిరిగి నేర్పడమట. మామను ఇంజన్ల దగ్గరికి పోవద్దన్నారు. నాగరాజు పనిలోనే ఉన్నాడు. మేనేజరు మాతో మాట్లాడటం లేదు. అత్త రమ్యశ్రీతోనూ మాట్లాడటం లేదు, నీ వంతు కూడా వస్తుంది.

సుదర్శన్


మదనపల్లె,
2 అక్టోబరు 2005

తమ్ముడికి,

నా వంతు వచ్చింది. అత్త ఫోన్ చేసి నన్ను బాగా తిట్టింది. అంతా అయ్యాక, "ఆయప్ప రాత్రికి నెమ్మదిగా నిద్రపోతాండాడు లే" అని పెట్టేసింది. మోకాలికి చిత్తూరులో డాక్టరును చూశారట.

నీ తప్పును నా తువ్వాలు మీద వేశావు గనక దాని మాట చెప్పి ఊరుకుంటాను. అది కట్టినవాడికి గుర్తు. చూసేవాడికి కాదు. చూసేవాడు తువ్వాలును చూసి పోయేటట్లయితే బండికి బదులు మగవాళ్ల భుజాలు చూసుకుంటూ కూర్చోవచ్చు. ఈ సంగతి నాకూ మొదట తట్టలేదు.

ఇక్కడ మీ బావ బిగించిన నట్లను ఇప్పుడు మునెయ్య పానా పెట్టి చూస్తున్నాడు. వాడు చూడకపోతే బండి తాళం ఇవ్వనన్నాను. మొదటిరోజు మీ బావ అలిగి అన్నం తినలేదు. నేను బతిమాలలేదు. రెండో పూటకు వచ్చాడు.

శాంతకుమారి


కుప్పం,
18 డిసెంబరు 2005

అక్కకు,

ముద్ర తిరిగిచ్చారు. దానికి ముందు ఆదివారం ఒక రేకు కొనుక్కుని గుడుపల్లె పోయి చెంగల్రాయుడి స్టార్టరు డబ్బాకు కొట్టి వచ్చాను. వెంకటరత్నమ్మ చుట్టూ తిరిగి చూసి, "మీ ఇమానం మూతే బాగుండె" అంది.

ఇప్పుడు క్లాసులు చెప్పేది మామే. ఇంజను దగ్గరికి పోవద్దన్నారు గనక అక్కడికి అడుగు దూరంలో గీత గీయించుకుని, గీత ఇవతల కుర్చీ వేసుకుంటాడు. గోడమీద పటం తీసేయించాడు. కారణాలన్నీ తానే చెబుతాడు, ప్రతిదానికీ అత్త పేరు వస్తుంది.

నిన్న నేను చూడాల్సిన మొదటి విమానం. మూత మూసింది నాగరాజు. నేను కిందికి వంగబోతుంటే అతను, "నేను సరిగ్గానే ఏసినాను సార్" అన్నాడు, మొహం ముడుచుకుని.

"ఏసింటావులే. మావోడు సూస్తాడు. కోపమొస్తే తిట్టు" అన్నాడు మామ.

నేను ఇంకా నిలబడే ఉన్నాను. మామ గీత దాటి వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి, వంగలేడు గనక దాన్ని విసిరి ఇంజను కింద పరిచాడు. కాలితో సరిచేశాడు.

"పడుకో" అన్నాడు.

పడుకుని చూశాను. నాలుగు గడియలూ పడే ఉన్నాయి. లేచాక, మామ ముందే చెప్పి ఉన్నాడు గనక, నాగరాజు నన్ను ఒక తిట్టు తిట్టాడు. మామ తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నాడు.

సుదర్శన్